యంత్రమునకు వాక్కు వచ్చిన విధము

రోగి తన బాధను చెప్పుకొనగలిగినచో వైద్యుని పని సగము తీరును. శిశువు చెప్పలేదు, పశువు చెప్పలేదు. అందుచేతనే శిశువైద్యమును పశువైద్యమును కష్టతరములని పెద్దలందురు. యంత్రము కూడ చిరకాలము మూగదిగనే యుండెను. మోటారు కారు ఆగిపోయినప్పుడు మెకానిక్కు దాని శబ్దమును విని, పొగ రంగును చూచి, నూనెను వ్రేలితో తాకి, వాసన పట్టి, లోపమెచట నున్నదో ఊహించుచుండెను. ఆ యూహ కొన్ని మారులు ఫలించెడిది. కొన్ని మారులు మంచి భాగములను తీసి పారవేయుటకు దారితీసెడిది. నేటి కారు అట్టిది కాదు. అది తన స్థితిని క్షణక్షణము తానే పరీక్షించుకొని, అడిగిన వారికి అంకెలలో చెప్పుచున్నది. తన చేతులతో చిన్న కంప్యూటరును కూర్చుకొన్న సామాన్యుడు సైతము దానిని కారునకు తగిలించి, ఆ మాటలను విని అర్థము చేసికొనవచ్చును. యంత్రమునకీ వాక్కు ఒక నగరపు పొగ వలన, ఒక శాస్త్రజ్ఞుని పట్టుదల వలన, ఒక చట్టము వలన వచ్చినది.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, కాలిఫోర్నియా రాష్ట్రమునందు లాస్ ఏంజిలిస్ నగరము కలదు. దానికొక వైపు పసిఫిక్ మహాసముద్రము. తక్కిన వైపుల కొండలు. సముద్రపు చల్లగాలి క్రింద నిలువగా, వెచ్చని గాలి దానిపై మూతవలె పరచుకొనును. నగరమునుండి లేచిన పొగ ఆ మూతను దాటి పైకి పోజాలక అచటనే నిలిచిపోవును. 1943వ సంవత్సరము జూలై 26వ తేదీన ఆ నగరమును దట్టమైన మసక క్రమ్మెను. ప్రజల కన్నులు మండెను, గొంతులు పట్టెను, కొలది దూరమున నున్న భవనములు కూడ కానరాకపోయెను. అది రెండవ ప్రపంచ యుద్ధకాలము. జపానువారు విషవాయువును ప్రయోగించిరేమో యని కొందరు భయపడిరి. పిమ్మట కృత్రిమ రబ్బరునకు కావలసిన పదార్థమును చేయు ఒక కర్మాగారముపై నింద పడెను. దానిని మూయించిరి. అయినను మసక తొలగలేదు.

ఈ చిక్కును విడదీసినవాడు ఆరీ హాగెన్-స్మిట్ అను శాస్త్రజ్ఞుడు. ఆయన హాలెండు దేశమున జన్మించెను. లాస్ ఏంజిలిస్ చెంతనున్న పాసడీనా పట్టణములో, కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అను విద్యాలయమున ఆచార్యుడుగ నుండెను. అనాసపండు సువాసనకు మూలమైన పదార్థములేవో తెలిసికొనుటకు ఆయన పరిశోధనలు చేయుచుండెను. గాలిలోని అతి సూక్ష్మ పదార్థములను కూడదీసి పరీక్షించు ఆ పద్ధతినే ఆయన నగరపు మసకకు అన్వయించెను. పెట్రోలు ఆవిరియు, ఇంజనులలో పుట్టు నైట్రోజన్ ఆక్సైడులును ఎండలో కలిసినప్పుడు ఓజోను మొదలగు ఘాటైన పదార్థములు పుట్టుచున్నవని 1950వ దశాబ్ది ఆరంభమున నిరూపించెను. అనగా నగరమును బాధించుచున్న విషములో చాల భాగము కార్ల పొగనుండియు, చమురు శుద్ధి చేయు కర్మాగారముల నుండియు వచ్చుచున్నదన్నమాట. ఈ మాట చమురు వ్యాపారులకు రుచింపలేదు. వారి పక్షపు నిపుణులు దానిని శంకించిరి. ఆయన వెనుకంజ వేయక ప్రయోగములను మరల మరల చేసి చూపెను. తుదకు సత్యము నిలిచెను. 1968వ సంవత్సరమున కాలిఫోర్నియా వాయు వనరుల మండలికి ఆయనయే ప్రథమాధ్యక్షుడయ్యెను.

దోషి యెవరో తెలిసినది. కాని లక్షలకొలది కార్లను వీధులనుండి తొలగించుట సాధ్యము కాదు. కావున వాటి పొగను శుద్ధిచేయు ఉపాయమును వెదకవలసి వచ్చెను. 1975వ సంవత్సరపు నమూనాలనుండి అమెరికా కార్ల పొగగొట్టములందు కెటలిటిక్ కన్వర్టరు అను పరికరమును అమర్చసాగిరి. దానిలోపల ప్లాటినము, పెల్లేడియము వంటి విలువగల లోహముల పూత కలదు. విషవాయువులు ఆ పూతను తాకుచు పోవునప్పుడు చాలవరకు నిరపాయమైన వాయువులుగ మారును. తరువాత వచ్చిన మెరుగైన పరికరము మూడు విధములైన విషవాయువులను ఒక్కసారిగ తగ్గింపగలిగెను. అయితే దానికొక నియమము కలదు. ఇంజనులో ఒక పాలు పెట్రోలునకు తూకమున సుమారు 14.7 పాళ్ల గాలి కలియవలెను. గాలి యెక్కువైనను, పెట్రోలెక్కువైనను ఆ పరికరము చక్కగ పనిచేయదు. ఇంతటి సూక్ష్మమైన పాలును ఎల్లవేళల నిలుపుట పాత కార్బురేటరునకు శక్యము కాదు. అందుచే పొగలో మిగిలిన ప్రాణవాయువును కొలుచు సెన్సరును, దాని మాట ననుసరించి పెట్రోలును హెచ్చించుచు తగ్గించుచు నుండు చిన్న కంప్యూటరును కారులో ప్రవేశపెట్టిరి. ఇట్లు కారునకు బుద్ధి వచ్చెను. వాక్కు మాత్రమింకను రాలేదు.

అంతలో మరియొక చిక్కు కనబడెను. టైరు పగిలినచో కారు ఆగును. యజమాని వెంటనే బాగుచేయించును. పొగను శుద్ధిచేయు పరికరము చెడిపోయినచో కారు మునుపటివలెనే పరుగెత్తును. నడుపువానికి ఏ లోపమును తోచదు. ఆ నష్టము ముందుగ తగులునది అతనికి కాదు. ప్రక్క వీధిలో బడికి నడచిపోవు బాలునికి, వాకిట కూర్చుండి గాలి పీల్చు వృద్ధునికి. ఇట్టి లోపమును కారే కనిపెట్టి, దీపము వెలిగించి చెప్పవలెనని కాలిఫోర్నియా ఆజ్ఞాపించెను. 1988వ సంవత్సరపు నమూనాలనుండి ఆ యాజ్ఞ అమలులోనికి వచ్చెను. ఇంజను బొమ్మ గల ఆ హెచ్చరిక దీపము నేటికిని కార్ల డ్యాష్‌బోర్డుపై కనబడుచున్నది.

కారు నోరు విప్పెను గాని అందరికిని తెలిసిన భాష దానికి కలుగలేదు. ఒక్కొక్క కంపెనీ సంకేతము వేరు. ప్లగ్గు ఆకారము వేరు. అది యుండు చోటు వేరు. కొన్ని కార్లలో రెండు కొనలను ఒక తీగతో కలిపి, దీపమెన్నిసారులు మినుకుమన్నదో లెక్కించి, లోపము సంఖ్యను తెలిసికొనవలసి యుండెడిది. చిన్న దుకాణము పెట్టుకొన్న మెకానిక్కు పది కంపెనీల కార్లకు పది యంత్రములను కొనజాలడు. కారునకు సొంతదారుడైన యజమాని తన కారు మాటను తానే వినజాలకుండెను.

1990వ సంవత్సరమున అమెరికా కాంగ్రెసు వాయు పరిశుద్ధతా చట్టమును సవరించినప్పుడు ఈ విషయమున కొన్ని నియమములను విధించెను. కార్లన్నిటిలో ఒకే తీరు ప్లగ్గు ఉండవలెను. దాని ద్వారా పొగకు సంబంధించిన సమాచారమును పొందుటకు అడ్డంకి యుండరాదు. అట్లు వెలువడిన సమాచారము, ఏ యొక్క కంపెనీకో చెందిన రహస్య సంకేతముగాని ప్రత్యేక యంత్రముగాని లేకయే ఉపయోగపడవలెను. ఈ మూడవ నియమము మిక్కిలి గొప్పది. తాళము వేసి, తాళపుచెవిని తమయొద్ద దాచుకొను అవకాశమును అది తొలగించెను. 1996వ సంవత్సరపు నమూనాలనుండి అమెరికాలో అమ్మబడు కొత్త కార్లన్నిటిలో ఈ విధానము తప్పనిసరి యయ్యెను. దీనినే ఓబీడీ-2 అని వ్యవహరింతురు. ఐరోపా దేశములు 2001వ సంవత్సరమునుండి పెట్రోలు కార్లకు ఇట్టి నియమమునే విధించెను. పొగకు సంబంధింపని తక్కిన మరమ్మతు సమాచారము విషయమున తగవు చాలకాలము సాగెను. 2012వ సంవత్సరమున మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలు, ఆ సమాచారము కంపెనీవారి దుకాణములకే గాక స్వతంత్రులైన మెకానిక్కులకును యజమానులకును లభింపవలెనని ఓటువేసి నిర్ణయించిరి.

చట్టము తెరచిన ఆ ద్వారమును చూడగోరువారు స్టీరింగు చక్రము క్రింద, డ్యాష్‌బోర్డు అడుగున తడిమి చూడవలెను. సమలంబ చతుర్భుజమును పోలిన ప్లగ్గు ఒకటి అచట కనబడును. దానిలో వరుసకు 8 చొప్పున రెండు వరుసలలో 16 స్థానములు గలవు. వాటిలో 4వదియు 5వదియు ఎర్తు తీగలు. 16వది బ్యాటరీనుండి నేరుగ వచ్చు విద్యుత్తు. 6వదియు 14వదియు నేటి కార్లలో ముఖ్యమైనవి. కారులోని కంప్యూటర్లు మాటలాడుకొనునది ఆ జంటతీగల మీదనే.

నేటి కారులో కంప్యూటరొక్కటే కాదు. ఇంజనునకొకటి, బ్రేకులకొకటి, ప్రమాదవేళ ఉబ్బి ప్రాణము కాపాడు గాలిసంచులకొకటి, ఇట్లు పెక్కు గలవు. ప్రతిదానినుండి ప్రతిదానికి వేరు తీగ వేసినచో కారు తీగల పొదయై పోవును. ఈ ఇక్కట్టును తీర్చుటకు జర్మనీ దేశపు బోష్ కంపెనీ క్యాన్ అను పద్ధతిని కల్పించి 1986వ సంవత్సరమున ప్రకటించెను. దీని తీరు గ్రామమున రచ్చబండవద్ద జరుగు సమావేశమును పోలియుండును. అందరును ఒకేచోట కూర్చుందురు; ఒకడు పలికిన మాట అందరికిని వినబడును; తనకు కావలసిన మాటను ఎవడు వాడే గ్రహించును. ఇద్దరొక్కసారి నోరు విప్పినచో, ముఖ్యమైన మాట గలవాడు పలుకును. రెండవవాడు ఆగి తన వంతుకై వేచియుండును. ప్రతి సందేశమునకు ముందు ఒక సంఖ్య యుండును. సంఖ్య యెంత చిన్నదో సందేశమంత ముఖ్యము. మొదటి రోజులలో వేరువేరు కంపెనీలు ఈ ప్లగ్గు ద్వారా వేరువేరు పద్ధతులలో మాటలాడుచుండెను. 2008వ సంవత్సరపు నమూనాలనుండి అమెరికాలో అన్ని కార్లును ఈ క్యాన్ పద్ధతినే అనుసరింపవలసి వచ్చెను.

ఇక సొంతముగ కంప్యూటరు కూర్చుకొనువారి సంగతి. 2001వ సంవత్సరమున 17 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల మినీ-ఐటీఎక్స్ అను చిన్న కంప్యూటరు పలక వచ్చెను. ఉత్సాహవంతులు దానిని పెట్టెలో బిగించి కారులో అమర్చుకొనిరి. 2012వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన ఇంగ్లండునందు రాస్ప్‌బెర్రీ పై అను కంప్యూటరు వెలువడెను. బాలురకు కంప్యూటరు విద్య నేర్పవలెనను తలంపుతో కేంబ్రిడ్జిలో పుట్టిన ఆ పలక మన తపాలా కార్డు కంటె చిన్నది. వెల స్వల్పమగుటచే అది విద్యార్థులకును అందుబాటులోనికి వచ్చెను. దానికొక చిన్న తెరను తగిలించినచో కారు కంప్యూటరు సిద్ధమగును.

అయితే దానిని ప్లగ్గునకు నేరుగ కలుపరాదు. కారు భాష వేరు, కంప్యూటరు భాష వేరు. నడుమ దుబాసి యొకడు కావలెను. కెనడా దేశపు ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ కంపెనీవారు చేసిన ఈఎల్ఎం 327 అను చిప్పు అట్టి దుబాసి. కంప్యూటరు సాదా అక్షరములలో అడిగిన ప్రశ్నను అది కారు భాషలోనికి మార్చి పంపును. జవాబును మరల అక్షరములలోనికి మార్చి ఇచ్చును. కారు ఏ పద్ధతిలో మాటలాడుచున్నదో అదియే కనుగొనగలదు. ఆ కంపెనీ 2022వ సంవత్సరమున మూతబడెను గాని, దాని చిప్పును అనుకరించిన పరికరములు అంగడులలో విరివిగ దొరకుచున్నవి. వాటిలో కొన్ని నకళ్లు అన్ని ప్రశ్నలకు సరిగ జవాబీయవు. కావున వెల నొక్కటే చూచి కొనరాదు.

సొంత కంప్యూటరును చెరచునది తరచుగ విద్యుత్తే. కారు బ్యాటరీ 12 వోల్టులది. ఇంజను నడచునప్పుడు సుమారు 14 వోల్టులు వచ్చును. ఇంజనును లేపు క్షణమున ఒక్కసారిగ చాల తగ్గిపోవును. చిన్న కంప్యూటరునకు కావలసినవి నిలకడగల 5 వోల్టులు. కావున నడుమ వోల్టేజిని తగ్గించి నిలుపు పరికరము నుంచవలెను. తీగకొక ఫ్యూజు నమర్పవలెను. తాళపుచెవి తీసిన వెంటనే విద్యుత్తు ఆగిపోయినచో, వ్రాయుచున్న వ్రాత నడుమ తెగి, కంప్యూటరు జ్ఞాపకము పాడగును. అందుచే తాళపుచెవి తీసిన సంగతిని కంప్యూటరునకు ముందుగ తెలిపి, అది పని ముగించుకొనుటకు కొంత వ్యవధి నీయవలెను. ప్లగ్గులోని 16వ స్థానమున విద్యుత్తు ఎల్లప్పుడు నుండును. దుబాసి పరికరమును దానికి తగిలించి మరచిపోయినచో, నిలిచియున్న కారు బ్యాటరీ కొన్ని దినములలో నీరసించును.

ఇన్నియు సరిపడిన పిమ్మట సంభాషణ ఆరంభమగును. కంప్యూటరు ప్రశ్నయు కారు జవాబును అంకెలే. ఇవి పదింటిని ఆధారముగ గొన్న అంకెలు కావు. పదునారింటిని ఆధారముగ గొన్నవి. 9 తరువాత ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్ అను అక్షరములు వరుసగ 10 మొదలు 15 వరకు గల విలువలకు గుర్తులు. ఇంజను నిమిషమునకెన్ని చుట్లు తిరుగుచున్నదో తెలియుటకు "01 0సీ" అని అడుగవలెను. ఇందు 01 అనగా "ఇప్పటి స్థితిని చెప్పుము" అని అర్థము. 0సీ అనునది చుట్లకు గుర్తు. కారు "41 0సీ 0సీ 80" అని జవాబు చెప్పినదనుకొందము. మొదటి రెండును ప్రశ్నకు ప్రతిధ్వనులు. 01కి మారుగ 41 వచ్చినచో అది జవాబని తెలియవలెను. మిగిలిన 0సీ, 80 అనునవి విలువలు. 0సీ అనగా 12. 80 అనగా ఎనిమిది పదునార్లు, అనగా 128. మొదటిదానిని 256 చేత గుణించినచో 3072. దానికి 128 కలిపినచో 3200. దానిని నాలుగింట భాగించినచో 800. ఇంజను నిమిషమునకు 800 చుట్లు తిరుగుచున్నది. కారు కదలక నిలిచియున్నప్పుడు ఇంచుమించుగ ఇట్టి సంఖ్యయే వచ్చును.

నాలుగింట భాగింపనేల? చుట్టులో నాలుగవ వంతును గూడ కొలిచి చెప్పుటకు. మరియొక ప్రశ్న: ఇంజనును చల్లబరచు నీటి వేడి యెంత? "01 05" అని అడిగినచో "41 05 7బీ" అని జవాబు వచ్చినదనుకొందము. 7బీ అనగా ఏడు పదునార్లును పదునొకండును, మొత్తము 123. దానినుండి 40 తీసివేసినచో 83 డిగ్రీల సెంటీగ్రేడు. తీసివేయుటకు కారణము కలదు. ఈ సంఖ్య సున్న కంటె తగ్గదు. శీతలదేశములలో వేడి సున్న కంటె చాల తగ్గును. అందుచే లెక్కను మైనస్ 40 నుండి ఆరంభించిరి. ఇట్లు తరగతిలో నేర్చిన గుణకార భాగహారములే కారు మాటకు నిఘంటువులైనవి.

దీపము వెలిగినప్పుడు అడుగవలసిన ప్రశ్న వేరు. దానికి కారు ఒక సంకేతమును జవాబుగ నిచ్చును. పీ అను అక్షరముతో ఆరంభమైనచో లోపము ఇంజను, గేరు భాగములది. బీ యైనచో కారు పైభాగమునది. సీ యైనచో చక్రములు, బ్రేకులు గల క్రిందిభాగమునది. యూ యైనచో కంప్యూటర్ల పరస్పర సంభాషణది. పీ 0301 అనగా ఒకటవ సిలిండరులో పెట్రోలు సరిగ మండుట లేదని అర్థము. పీ 0420 అనగా పొగను శుద్ధిచేయు పరికరము శక్తి తగ్గినదని అర్థము. లోపము పుట్టిన క్షణమున వేగమెంత, వేడి యెంత, ఇంజను చుట్లెన్ని యను సంగతులను గూడ కారు ఒక ఛాయాచిత్రమువలె పదిలపరచి చూపును.

ఇచటనే తొందరపాటు పనికిరాదు. కారు చెప్పునది లక్షణమును. రోగమూలమును కనుగొనుట మనుష్యుని పని. పీ 0171 అను సంకేతమును తీసికొందము. పెట్రోలునకు మించి గాలి కలియుచున్నదని దాని భావము. పొగలోని ప్రాణవాయువును కొలుచు సెన్సరు ఈ మాట చెప్పినది గనుక, ఆ సెన్సరే చెడినదని తలంచి దానిని మార్చువారు కలరు. అది వార్త తెచ్చిన దూతను శిక్షించుటవంటిది. గాలి ప్రవేశించు రబ్బరు గొట్టము బీటవారి యుండవచ్చును. పెట్రోలు పంపు బలహీనమై యుండవచ్చును. ఈ రెండింటిలో ఏదియో తేల్చుటకు సొంత కంప్యూటరు తోడ్పడును. పెట్రోలును నూటికెంత హెచ్చించుచున్నదో ఇంజను కంప్యూటరు చెప్పును. ఆ సంఖ్యను ప్రయాణమందంతట వ్రాయించి పిమ్మట చూడవలెను. కారు నిలిచి ఇంజను మెల్లగ తిరుగునప్పుడు హెచ్చింపు అధికమై, వేగముగ తిరుగునప్పుడు తగ్గినచో గొట్టపు బీటను అనుమానింపవలెను; ఏలయన, ఇంజను అధికముగ గాలి పీల్చునప్పుడు బీటనుండి వచ్చు కొద్ది గాలి లెక్కకు రాదు. వేగము పెరిగినకొలది హెచ్చింపు కూడ పెరిగినచో పెట్రోలు చాలుట లేదని అనుమానింపవలెను. ఇట్లు సంఖ్యలను వరుసగ పేర్చి ఆలోచించుటయే పరీక్ష. సంకేతమును చదివినంతమాత్రమున పరీక్ష పూర్తి కాదు.

సంకేతమును చెరిపివేయుటకు గూడ ఒక ఆజ్ఞ కలదు. దానిని పంపినచో దీపము ఆరును. లోపము మాత్రము పోదు. అంతేగాక, కారు తన భాగములను పరీక్షించి వ్రాసికొన్న ఫలితములన్నియు ఆ చెరిపివేతతో తుడిచిపెట్టుకొని పోవును. పరీక్షాధికారి చూచినప్పుడు "పరీక్షలింకను పూర్తి కాలేదు" అని కారే చెప్పును. దోషమును దాచగోరినవాడు ఇట్లు బయటపడును.

యంత్రము చెప్పునదెల్ల సత్యమని గూడ నమ్మరాదు. పశ్చిమ వర్జీనియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు మూడు డీజిలు కార్లలో కొలత పరికరములను ఎక్కించి, కాలిఫోర్నియా రోడ్లపై నడిపి, పొగను కొలిచి, 2014వ సంవత్సరమున తమ ఫలితములను వెల్లడించిరి. రెండు కార్ల పొగ ప్రయోగశాలలో శుద్ధముగను, రోడ్డుపై విషపూరితముగను ఉండెను. పిమ్మట వోక్స్‌వ్యాగన్ కంపెనీ తన కార్ల కంప్యూటర్లలో మోసపు ఆజ్ఞలను వ్రాయించినదని తేలెను. పరీక్ష జరుగుచున్నదని గ్రహించినంతనే ఆ కంప్యూటరు బుద్ధిమంతునివలె ప్రవర్తించును. రోడ్డునకు వచ్చినంతనే పాతదారి పట్టును. 2015వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈ సంగతిని ప్రకటించెను. ప్రపంచమున సుమారు 1 కోటి 10 లక్షల కార్లలో ఆ మోసపు ఏర్పాటు కలదని కంపెనీయే ఒప్పుకొనెను. కారు మాటను విన్నవారికంటె, కారు వెనుక నిలిచి పొగను కొలిచినవారు సత్యమును కనుగొనిరి. మాటను వినుటయు కావలెను. దానిని బయటి కొలతతో సరిచూచుటయు కావలెను.

తెరచిన ద్వారమునకు కాపలా కూడ అవసరము. ఆ ప్లగ్గు నుండి ప్రశ్నలే గాక ఆజ్ఞలును పంపవచ్చును. 2010వ సంవత్సరమున వాషింగ్టన్ విశ్వవిద్యాలయము, శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము పరిశోధకులు ఒక కారు ప్లగ్గునకు తమ కంప్యూటరును తగిలించి, వాడుకలో లేని విమానాశ్రయపు బాటపై ఆ కారును నడిపి, బ్రేకులను పనిచేయకుండునట్లు చేసి చూపిరి. 2015వ సంవత్సరమున ఇద్దరు నిపుణులు దూరమునుండియే, తీగ లేకుండ, ఒక కారును వశపరచుకొని చూపగా, ఆ కంపెనీ 14 లక్షల వాహనములను మరమ్మతుకు పిలువవలసి వచ్చెను. సొంత కంప్యూటరు కూర్చుకొనువారు దీనినుండి గ్రహింపవలసినది స్పష్టము. అర్థము తెలిసిన ప్రశ్నలనే అడుగవలెను. అర్థము తెలియని ఆజ్ఞను, ముఖ్యముగ కదలుచున్న కారునకు, పంపరాదు. నడుపువాడు తెరవైపు చూడరాదు. కారు ఆగిన పిమ్మట వ్రాతను తీరికగ చదువుకొనవచ్చును. తీగ లేక పనిచేయు దుబాసి పరికరమును, పనియైన వెంటనే ప్లగ్గునుండి ఊడదీయవలెను.

భారతదేశమున గూడ ఈ స్వీయపరీక్షా విధానము అమలులో కలదు. 2020వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీనుండి దేశమంతట భారత్ స్టేజ్-6 అను పొగ నియమములు అమలులోనికి వచ్చినవి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల శబ్దము విని లోపము చెప్పు అనుభవశాలి ప్రక్కనే, ప్లగ్గునకు పరికరము తగిలించి సంకేతము చదువు యువకుడును కనబడుచున్నాడు. చెవి నేర్పును సంఖ్యల నేర్పును ఒకదానికొకటి శత్రువులు కావు. సంఖ్య చోటును సూచించును. అనుభవము కారణమును కనిపెట్టును.

తన కంప్యూటరును తానే కూర్చుకొన్నవాడు కొనిన పరికరముతో రాని లాభము నొకటి పొందును. తీగ ఎచటనుండి వచ్చుచున్నదో, సంఖ్య ఏల భాగింపబడుచున్నదో, దీపమేల వెలిగెనో అతనికి తెలియును. తెలిసినవానిని భయపెట్టి పనికిరాని మరమ్మతునకు సొమ్ము గుంజుట కష్టము. దీపము వెలిగినంతనే దానిపై నల్లకాగితము అంటించి ప్రయాణము సాగించువారును లోకమున కలరు. అట్టివారు ఒక్క సంగతిని మరచుచున్నారు. 1943వ సంవత్సరమున కన్నులు మండిన నగరవాసులలో కారు లేనివారును ఉండిరి. ఆ దీపము యజమాని యొక్కని కొరకే వెలుగుట లేదు. ఆ వీధిలో గాలి పీల్చు ప్రతివాని కొరకు వెలుగుచున్నది.